పని మాన్పించే రిస్పా టీచరమ్మ

రిస్పా టీచరమ్మ పని చేస్తున్న మనిషిని చూసి ఊరుకోలేదు. లోకంలో అందరికీ సోమరిపోతుల్ని చూస్తే ఒళ్ళు మండుతుంది. ఆవిడకి కష్టజీవుల్ని చూస్తే మండేది. మధ్యాహ్నం పొద్దు కాస్త వాలిందంటే చాలు, మా ముషాలి వార్డులో ఎవరి చేతిలో పార కనిపించినా, సూది కనిపించినా, ఆఖరికి చీపురు కనిపించినా, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుని చేలకి అడ్డంపడి వచ్చేసేది.

"ఏం చేస్తున్నావు?"

"మొక్కజొన్నకి కలుపు తీస్తున్నానమ్మా."

"ఆ కలుపు రేపటికి ఎక్కడికైనా పోతుందా?"

"పోదు."

"దానికి లేని తొందర నీకెందుకు? మైదానానికి పద."

దీనికి జవాబు కనిపెట్టినవాడు మా వార్డులో ఇంతవరకు పుట్టలేదు. పార గట్టున పడేసి వెళ్ళడమే.

ఆవిడ ముప్పై ఏళ్ళకు పైగా మా ప్రైమరీ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయింది. ఇక ఇంట్లో కూర్చుని కోళ్ళని పెంచుకుంటుందిలే అనుకుంటూ ఉండగా కౌంటీ ప్రభుత్వంవారు ఒక ఉద్యోగం ఇచ్చారు. దాని పేరు వార్డు క్రీడలు, కళలు, తీరిక వ్యవహారాల అధికారి. క్రీడలకి ఒక బంతీ, ఒక మోకూ ఇచ్చారు. కళలకి ఒక ఇసుకుటి డోలు ఇచ్చారు. తీరికకి ఏమీ ఇవ్వలేదు. ఇవ్వడానికేముంటుంది? అందుకని టీచరమ్మ ఆ తీరికని మా దగ్గరే వసూలు చేసుకునేది.

నేను పిండిమర నడుపుతాను, నా పేరు హబీలు. డీజిలు ఇంజను మాది. ఆడవాళ్ళు మొక్కజొన్న డబ్బాలు నెత్తిన పెట్టుకుని వరసలో నిలబడి ఉంటారు, ఇంజను డబడబలాడుతూ ఉంటుంది, నాకు కనుబొమలతో సహా ఒళ్ళంతా తెల్లగా పిండి. ఆవిడ చార్జి తీసుకున్న వారంలోనే ఒక మధ్యాహ్నం సరాసరి లోపలికొచ్చి ఇంజను మీట కిందికి లాగేసింది. ఆ మీట ఎక్కడుందో అప్పటివరకు మా ఆవిడకి కూడా తెలియదు.

ఇళ్ళల్లో రాత్రికి ఉగాలి ముద్ద వండుకోవాలి, పిండి లేకపోతే పిల్లలేం తింటారని నేను మొత్తుకున్నాను.

"పిండి ఆలస్యమైతే ఉగాలి ఆలస్యమవుతుంది, అంతే. పొద్దుపోతే ఆట అసలే ఉండదు. ఏది ముందో నువ్వే చెప్పు హబీలూ" అంది.

నేను ఆలోచించి చెబుదామనుకునే లోపల వరస మొత్తం డబ్బాలు దించేసి మైదానం దారి పట్టింది. ఆ తర్వాత మా వార్డులో పిండి పొద్దున్నే ఆడించుకోవడం అలవాటైపోయింది. మధ్యాహ్నం వస్తే పిండి సగంలో ఆగిపోతుందని అందరికీ తెలిసింది.

ఆవిడకి ఎదురు తిరిగినవాడు ఎల్ఫాసు ఒక్కడే. మంచి వడ్రంగి, ముఖ్యంగా శవపేటికలు చేస్తాడు. అతని పనికి తిరుగు లేదని తెలిసి పక్క వార్డులవాళ్ళు కూడా వచ్చేవారు, వాళ్ళ కోసం కాకపోయినా. ఒకరోజు టీచరమ్మ వచ్చి చిత్రిక లాక్కుంటే ఎల్ఫాసు వదల్లేదు. ఈ పెట్టె రేపటికి ఇవ్వాలి, నాకు మాట పోతుందన్నాడు.

"ఎవరికది?"

"కిందివాడ ముసలాయనకి."

"ఆయన ఇంక దేనికీ తొందరపడడులే. రా."

ఎల్ఫాసు చిత్రిక వదిలేశాడు. దారిపొడుగునా గొణుక్కుంటూనే ఉన్నాడు కానీ వచ్చాడు.

మా మైదానం బడికీ ఏటికీ మధ్యన ఉంటుంది, కొంచెం వాలుగా. పై గోలు నుంచి కొట్టిన బంతి ఎవరూ ఆపకపోతే తిన్నగా ఏట్లోకి పోయి ఈదుకుంటుంది. అక్కడ సాయంత్రాలు ఫుట్‌బాలూ, తాడులాగుడూ, సోడా మూతలే పావులుగా దాడి ఆటా, వారానికి రెండు సార్లు డోలూ పాటా నడిచేవి. ఇవన్నీ బాగానే ఉండేవి. మాకు బాధల్లా జట్ల దగ్గర.

జట్లు ఆవిడే చేసేది. ఇంకెవరినీ చెయ్యనిచ్చేది కాదు. చేస్తే చేసింది, అంత అధ్వాన్నంగా జట్లు చేసే మనిషిని నేనింతవరకు చూడలేదు. మా వార్డులో ఎవరికి ఎవరితో పడదో చంటిపిల్లలకి కూడా తెలుసు. ఆవిడకి తెలియదు. తెలిసినా మర్చిపోయేది. రాగి కల్లు కాచే రోడాని ఎదురుగా కూర్చోబెట్టి, ఆ కల్లు మీద ప్రతి ఆదివారమూ నిప్పులు కురిపించే పాస్టరు ఎనోసు గారిని దాడి ఆటకి పిలిచేది. పాస్టరు గారు ఆవిణ్ణి పక్కకి పిలిచి సంగతి గుర్తు చేస్తే, చెంపలేసుకుని, "అయ్యో, మర్చిపోయానండీ. పోనీలెండి, మూతలు సర్దేశాం కదా, ఈ ఒక్క ఆటా ఆడెయ్యండి" అనేది. ఆ ఒక్క ఆటా మూడేళ్ళు నడిచింది. పాస్టరు గారు ఒక్కసారి కూడా గెలవలేదు.

డోలు సంగతి మరీ ఘోరం. ఇసుకుటి మా వైపు మగవాళ్ళు కొడతారు. టీచరమ్మ ఆ డోలు తీసుకెళ్ళి కెజియా మెడలో వేసింది. కెజియా భర్త పోయి అప్పటికి ఏడాది. ఎవరింటికీ వెళ్ళదు, ఎవరితోనూ మాట్లాడదు, తెల్లారింది మొదలు చీకటిపడేదాకా చేలో వంచిన నడుము ఎత్తదు. పెద్దవాళ్ళు టీచరమ్మ దగ్గరికెళ్ళి ఆడమనిషి చేత డోలేమిటని అడిగారు. ఆవిడ మళ్ళీ చెంపలేసుకుంది. "చూశారా, నా మతి. అయినా మెడలో వేసేశాక తియ్యమనడం బాగుండదు కదా." కెజియా మొదటిరోజు ఆ డోలుని తాకలేదు. రెండోసారి ఒక చేత్తో తట్టింది. ఆ నెలాఖరుకి ఎంత గట్టిగా కొట్టేదంటే, దేవుడి మీద కోపమంతా ఆ తోలు మీద చూపిస్తోందని మేం అనుకునేవాళ్ళం. డోలు రెండుసార్లు చిరిగింది. టీచరమ్మ రెండుసార్లూ కొత్త తోలు వేయించింది.

ఇక ఎల్ఫాసుకి ఒక తమ్ముడున్నాడు, మెషాకని. తండ్రి పోయాక ఇద్దరి పొలాల మధ్య కంచె దగ్గర గొడవొచ్చింది. ఆ కంచె ఒక బారెడు ఇటా అటా అన్నదే తగువు. ఆ బారెడు నేలలో ఎవరూ ఏమీ నాటుకోలేదు, కానీ అన్నదమ్ములు ఏళ్ళ తరబడి పలకరించుకోలేదు. తల్లి జబ్బుపడితే కూడా ఒకడు వెళ్ళాక ఒకడు వెళ్ళేవాడు. అలాంటి ఇద్దరినీ టీచరమ్మ తాడులాగుడులో ఒకే కొసన నిలబెట్టింది, ముందొకడు, వెనకొకడు.

ఎల్ఫాసు తాడు కింద పడేశాడు. "టీచరమ్మా, వాడితో నేను మాట్లాడను."

"మాట్లాడమని ఎవరన్నారు? లాగమన్నాను."

లాగారు. ఆవలి జట్టులో మోటారు సైకిళ్ళు నడిపే కుర్రాళ్ళు, అంతా కండలు. అయినా ఈ ఇద్దరూ ఉన్న జట్టే గెలిచింది. అన్నదమ్ములు తాడు వదిలేసి ఒకడు ఉత్తరానికీ ఒకడు దక్షిణానికీ వెళ్ళిపోయారు. మరుసటి వారం టీచరమ్మ మళ్ళీ మర్చిపోయింది.

మేమంతా ఏకాభిప్రాయానికి వచ్చేశాం. పాపం, మనిషి మంచిదే, పెద్దతనం కదా, బుర్రలోంచి ఊళ్ళో సంగతులన్నీ జారిపోతున్నాయి. ఇంటికి వెళ్ళాక మా ఆవిడా నేనూ ఈ విషయమే చెప్పుకుని జాలిపడేవాళ్ళం.

ఇలా ఉండగా కౌంటీలో ఖర్చు తగ్గించాలని ఒక కమిటీ వేశారు. ఏ ఉద్యోగం వల్ల ఏం లాభమో చూసి, లాభం లేనిది తీసేస్తారట. అందరికంటే ముందు వాళ్ళ కన్ను పడింది తీరిక మీదే. టీచరమ్మ ఉద్యోగం తీసేసి, మైదానం చదును చేసి చెరుకు లారీలు నిలుపుకునే చోటు చేద్దామని ప్రతిపాదన. లారీలొస్తే మర పక్కన టీకొట్టు ఒకటి పెట్టుకోవచ్చని నాకూ మనసులో ఒక మూల లేకపోలేదు.

ఊరివాళ్ళ అభిప్రాయం తీసుకోవడానికి కమిటీ మైదానంలోనే టెంటు వేసుకుని కూర్చుంది. అధ్యక్షుడు కౌంటీ సభలో గౌరవ సభ్యుడు హెస్బోను. మా వార్డులోనే పుట్టి, పట్నంలో స్థిరపడి, పెద్ద పొట్టతో తిరిగొచ్చిన మనిషి. నల్ల కోటు వేసుకుని, మంచినీళ్ళ సీసా ముందు పెట్టుకుని చాలా మర్యాదగా మాట్లాడాడు. ఆటలంటే తనకి విరోధం లేదన్నాడు. చిన్నప్పుడు ఈ మైదానంలోనే పరిగెత్తినవాణ్ణన్నాడు. స్కూలు రిలే జట్టులో ఆఖరి పరుగు తనదేనని, ఆ రోజులు తల్చుకుంటే ఇప్పటికీ కాళ్ళు పరుగుకి లాగుతాయని చెప్పాడు. కానీ కౌంటీకి రోడ్లు కావాలి, ఆసుపత్రులు కావాలి కాబట్టి, ఈ ఉద్యోగం వల్ల ఏం ఒరిగిందో టీచరమ్మనే చెప్పమన్నాడు.

టీచరమ్మ లేచింది. "పెద్దగా ఏం లేదండి" అంది.

"మన వార్డు జట్టు ఏవైనా కప్పులు గెలిచిందా?"

"లేదండి. జిల్లా పోటీలకి వెళ్తే మొదటి ఆటలోనే ఇంటికి పంపించేశారు."

"పాటల పోటీల్లో?"

"అక్కడ రెండో పాట దాకా ఉంచారు."

"మరి ఇన్నేళ్ళూ ఏం చేశారు?"

"ఆడుకున్నారు. పాడుకున్నారు. ఇళ్ళకెళ్ళారు." అని కూర్చుంది.

గుమస్తా ఏదో రాసుకున్నాడు. ఆవిడ పక్షాన మాట్లాడాలని అందరికీ ఉంది. కానీ మా వైపు ఒక మనిషిని ఎదురుగా పెట్టుకుని పొగడటం ఎవరికీ చేతకాదు. తిట్టడమైతే బాగా అలవాటే. అందుకని ఎల్ఫాసు లేచి గొంతు సవరించుకున్నాక నోట్లోంచి ఫిర్యాదే వచ్చింది.

"అయ్యా, ఈవిడకి జట్లు చెయ్యడం రాదు. నన్ను పట్టుకెళ్ళి మా తమ్ముడితో ఒకే తాడుకి కట్టేసింది. మా ఇద్దరికీ మాటల్లేవని ఊరంతా తెలుసు."

"ఇప్పుడూ లేవా?" అన్నాడు హెస్బోను.

"ఉండకపోతే ఎలాగండీ? ఎప్పుడు లాగాలో ఎప్పుడు వదలాలో చెప్పుకోవాలి కదా. మొదట్లో ఆ ముక్కే చెప్పుకునేవాళ్ళం. తర్వాత తాడు అరిగిందన్నాడు వాడు, తాడు గురించి చెప్పుకున్నాం. తర్వాత అమ్మ గురించి." ఎల్ఫాసు ఆగి తమ్ముడి వంక చూశాడు. "కంచె తీసేశామండి, కిందటి వర్షాకాలం. అడ్డమొస్తోందని."

మెషాకు తల ఊపాడు.

తర్వాత పాస్టరు గారు లేచి తన ఫిర్యాదు చెప్పుకున్నారు. మూడేళ్ళుగా ఒకే మనిషి చేతిలో ఓడిపోవడం ఒక దైవసేవకుడికి ఎంత అవమానమో వివరించారు. అడిగిన మీదట, రోడా కొడుకు ఇప్పుడు తన చర్చిలోనే పాటలు పాడుతున్నాడనీ, ఆవిడ ఆదివారాలు కల్లు కాయడం మానేసిందనీ ఒప్పుకున్నారు. రోడా వెనకనుంచి, ఆదివారాలు మానేసింది ఆయన ప్రసంగాలకి కాదు, ఆటలో ఎత్తులు ఆలోచించుకోవడానికని సరిదిద్దింది.

ఆ తర్వాత కెజియా లేచింది. ఆమె నలుగురిలో మాట్లాడటం ఎవరూ విని ఉండరు. "నాకు డోలు వద్దని చెప్పాను. వినలేదు" అంది. "ఇప్పుడు నా చేతిలోంచి ఎవరైనా లాక్కుంటే ఊరుకోను. అంతే."

హెస్బోను అరచేత్తో గడ్డం రుద్దుకున్నాడు. అతనేమీ చెడ్డమనిషి కాదు. టీచరమ్మ వైపు తిరిగి, చాలా మృదువుగా, "అమ్మా, ఇవన్నీ అనుకోకుండా జరిగినవేనా? మీకు మతిమరుపు ఎక్కువని అందరూ అంటున్నారు" అన్నాడు.

"మతిమరుపేనండి" అంది టీచరమ్మ వెంటనే.

"ఫరవాలేదమ్మా. వయసైపోతే అందరికీ అంతే. మీకు గుర్తుండదు గానీ, ఆ రిలేలో ఆఖరి పరుగు నేను పరిగెత్తిన రోజు మీరే..."

"నువ్వు పరిగెత్తలేదు హెస్బోనూ."

ఆవిడ ఆపుకుందామనే చూసింది. నాకు కనిపిస్తూనే ఉంది. కానీ ముప్పై ఏళ్ళు తప్పులు దిద్దిన నోరు అది.

"పోటీ రోజు పొద్దున్న కడుపునొప్పని చెప్పి మీ అమ్మ పొయ్యి గది వెనక మేకల పాకలో దాక్కున్నావు. నీ బదులు మెషాకు పరిగెత్తాడు. వాడి కాళ్ళకి బూట్లు లేకపోతే ఎల్ఫాసు తనవి విప్పి ఇచ్చాడు. ఎడమ బూటుకి తాడు లేదు. అరటి నార కట్టాం. మేకల పాకలో నీకు భయమేస్తుందని కెజియా, అప్పుడు రెండో క్లాసు, నీకు వేరుశనగలు తెచ్చిపెట్టింది."

గుమస్తా కలం ఆగిపోయింది. హెస్బోను మంచినీళ్ళ సీసా మూత తీసి, తాగకుండా మళ్ళీ పెట్టేశాడు.

నేను ఎల్ఫాసు మొహం చూశాను. ఎల్ఫాసు పాస్టరు గారి మొహం చూశాడు. నలభై ఏళ్ళ కిందటి బూటుకి ఏ నార కట్టారో గుర్తున్న మనిషికి, ఏ ఇద్దరికి మాటల్లేవో గుర్తుండదా? ఆ లెక్క టెంటులో ఒకరి తర్వాత ఒకరికి తెగుతున్నట్టు కనిపించింది. కొందరు తాము ఎవరి పక్కన నిలబడి ఆడామో వెనక్కి తల్చుకుంటున్నారు. రోడా చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఆవిడ నన్ను మోచేత్తో పొడిచింది. మా బావమరిదితో నాకు డీజిలు దగ్గర మాట పట్టింపొచ్చిన ఏడాది, గోతాల పరుగులో మా ఇద్దరినీ ఒకే గోతంలో నిలబెట్టిన సంగతి నాకప్పుడు గుర్తొచ్చింది.

టీచరమ్మకి తను దొరికిపోయానని అర్థమైంది. దొంగతనం బయటపడిన దానిలా కూర్చుని స్వెట్టరు అంచు సాగదీసుకుంటోంది.

హెస్బోనే మొదట నవ్వాడు. పెద్ద పొట్ట కదిలిపోయేలా, చాలాసేపు నవ్వాడు. "వేరుశనగలు ఉప్పగా ఉన్నాయి" అన్నాడు కెజియాతో. ఆమె కూడా నవ్వింది. ఆమె నవ్వు మేం చాలా కాలానికి చూశాం.

అప్పటికి పొద్దు వాలింది. కమిటీవాళ్ళు ఇంకా ప్రశ్నలున్నాయని కాగితాలు తిరగేస్తున్నారు. టీచరమ్మ లేచి ఇక పని చాలనబోయింది. ఆ అవకాశం కెజియా ఇవ్వలేదు.

"ఇవాళ జట్లు మేం చేస్తాం. టీచరమ్మ గోల్లో నిలబడుతుంది."

ఆవిడ కంగారుపడింది. తను ఆడించేదే గానీ ఏనాడూ ఆడలేదంది. మోకాళ్ళంది, బూట్లంది. కానీ గట్టున నిలబడి అందర్నీ కాసుకుని ఉండటం కూడా పనేనని కెజియా తేల్చి చెప్పింది. దానికి టీచరమ్మ దగ్గర జవాబు లేదు.

నాకు ఊహ తెలిశాక అంత అధ్వాన్నమైన గోల్‌కీపర్ని చూడలేదు. బంతి వస్తుంటే కోడిపిల్లని పట్టుకోవడానికి వెళ్ళినట్టు వంగి చేతులు చాపుకుని ఎదురెళ్ళేది. బంతి పక్కనుంచి పోయి ఏట్లో పడేది. ఎవరో పోయి తెచ్చేవారు. ఆవిడ రబ్బరు బూట్ల నిండా బురద. తలగుడ్డ జారిపోయింది. ఆవిడకి ఇంత గట్టిగా నవ్వొస్తుందని మాకెవరికీ తెలియదు.

చివర్లో ఆవలి జట్టుకి పెనాల్టీ దొరికింది. కొట్టేదెవరని అనుకుంటూ ఉండగా గౌరవ సభ్యుడు హెస్బోను కోటు విప్పి గుమస్తా చేతికిచ్చాడు. టెంటు దగ్గర నుంచి పరుగు మొదలుపెట్టాడు. అంత దూరం అవసరం లేదు. పొట్ట ఒక పక్కకీ మనిషి ఒక పక్కకీ ఊగుతూ, ఆయాసపడుతూ, మైదానమంతా దాటుకుని వచ్చి బంతిని తన్నాడు. బంతి మెల్లిగా, దారి అడుక్కుంటున్నట్టు దొర్లుకుంటూ వచ్చింది. పడుకున్న పిల్లాడు కూడా పట్టుకోగలడు. నేను గోలు వెనకే నిలబడి ఉన్నాను. టీచరమ్మ ఆ బంతినే చూస్తూ, రెండు చేతులూ మెల్లిగా వెనక్కి పెట్టుకుంది. బంతి లోపలికి పోయింది. హెస్బోను చేతులు రెండూ పైకెత్తి ఏటి దాకా పరిగెత్తాడు.

నెల తిరక్కుండా నిర్ణయం వచ్చింది. చెరుకు లారీలు ఎప్పటిలాగే చెరుకు తూచే కాటా దగ్గరే ఆగుతాయి. ఉద్యోగం ఉంటుంది గానీ దాని పేరులోంచి తీరిక అనే మాట మాత్రం ఖర్చు తగ్గింపు కింద తీసేశారు. నా టీకొట్టు ఆలోచన ఆలోచనగానే మిగిలింది. ఆ రోజు టీచరమ్మ మొక్కజొన్న ఆడించుకోవడానికి పొద్దున్నే వస్తే, అడగాలో వద్దో తెలియకుండానే అడిగేశాను.

"టీచరమ్మా, ఆ పెనాల్టీ మీరు పట్టుకోవచ్చు కదా?"

ఆవిడ పిండి డబ్బా నెత్తిన సర్దుకుంది.

"పట్టుకోవచ్చు" అంది. "కానీ ఈసారి పరిగెత్తుకుంటూ వచ్చాడు కదా, పాపం."